పోయినవాళ్ళ పేర్లు

నుమజావ ఎర్లిండా జపాను భాష నేర్చుకున్నది వంటింట్లో, ముల్లంగి ఊరగాయ పీపాల పక్కన కూర్చుని, అత్తగారి నోటి నుంచి. అందుకే ఆమె మాటలో ఉత్తరాది కొండపల్లెల యాస దిట్టంగా పడిపోయింది. పుట్టింది ఫిలిప్పీన్సులో, పనాయ్ ద్వీపంలో. నోరు విప్పితే మాత్రం హినోసవ ఊరి ముసలమ్మ మాట్లాడినట్టే ఉంటుంది. యమగాత పట్నంలో బట్టలకొట్టు అమ్మాయిలు ఆమె మొహం చూసి, చేతులు తిప్పుతూ, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ మాట్లాడతారు. "ఏందమ్మా అట్టా నములుతావు, గబగబా సెప్పు, నాకు బస్సుంది" అని ఆమె అనగానే తెల్లబోతారు.

ఆ ఊరికొచ్చి ముప్పై అయిదేళ్ళయింది. పెళ్ళికూతుళ్ళు దొరకని రైతులకు ఆ రోజుల్లో ఊరి ఆఫీసే సంబంధాలు చూసేది. అలా ఇరవై మూడేళ్ళ వయసులో, తనకంటే పన్నెండేళ్ళు పెద్దవాడైన తొకుజిని చేసుకుని వచ్చింది. తొకుజి మంచివాడు. రోజుకు పది మాటలు మాట్లాడతాడు, అందులో ఆరు వానగురించి. ఇంట్లో మాట్లాడే మనిషంటే అత్తగారు హరునోనే. ఇప్పుడు ఆవిడకు తొంభై ఒకటి. మోకాళ్ళు పోయాయి గానీ నోరు చెక్కుచెదరలేదు.

నెలనెలా ఊరి ఆఫీసు వాళ్ళ వార్తాపత్రిక ఇంటింటికీ వస్తుంది. హరునో దాన్ని వెనక నుంచి మొదలుపెడుతుంది. చివరి పేజీలో అడుగున, కిందటి నెల పోయినవాళ్ళ పేర్లు, వయసు, వాడ పేరు ఉంటాయి. భూతద్దం పెట్టుకుని పైకి చదువుతుంది. "ఇనూమా సచ్చాడంట. నాకంటే ఆరేళ్ళు సిన్నోడు. సారా మానమంటే యిన్నాడా?" ఎర్లిండా పక్కన కూర్చుని, అత్త వేలు పెట్టిన చోటల్లా చూస్తూ అక్షరాలు పట్టుకుంది. మొదటి నాలుగయిదేళ్ళలో ఆమెకు చదవడం వచ్చిన అక్షరాలన్నీ ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లలోవే. ఆసుపత్రి బోర్డు చదవలేకపోయేది గానీ, శ్మశానంలో ఏ రాయి ఎవరిదో చెప్పేది.

ఇప్పుడు ఊళ్ళో బయటిదేశాల వాళ్ళు రెండొందల పైచిలుకు ఉన్నారు. పుట్టగొడుగుల ఫారంలో వియత్నాం పిల్లలు, వృద్ధాశ్రమంలో ఇండోనేషియా వాళ్ళు, ఎర్లిండాలాగా ఎప్పుడో కోడళ్ళుగా వచ్చి ముసలివాళ్ళవుతున్న నలుగురయిదుగురు. వాళ్ళకోసం ఊరి ఆఫీసు మూడేళ్ళ కిందట వేరే పత్రిక మొదలుపెట్టింది. ఒకటే కాగితం, రెండు వైపులా, తేలిక మాటల్లో. ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలి, జలుబు టీకా ఎప్పుడు, ఎలుగుబంటి ఎక్కడ కనబడింది, మంచు తోసి ఎక్కడ పోయాలి. రాసేది యహాగి అనే ఉద్యోగిని, ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, పట్నం నుంచి వచ్చింది. రాసింది అర్థమవుతుందో లేదో చూసేందుకు బుధవారాలు మధ్యాహ్నం ఎర్లిండా ఆఫీసు కిటికీ వెనక కూర్చుంటుంది.

"'ఆహారాన్వేషణలో సంచరించు వన్యమృగములు' ఏందమ్మా యిది? ఇది సదివేలోపు ఎలుగ్గొడ్డు వచ్చి వీపు మీద సరుస్తాది. 'తిండికోసం ఎలుగుబంటి వచ్చింది, ఆ పక్కకి పోవద్దు' అని రాయి."

యహాగి నవ్వుతూ కొట్టేసి రాసుకునేది.

నవంబరు నడిమికి ఒక బుధవారం, పుట్టగొడుగుల ఫారంలో పనిచేసే లువా అనే వియత్నాం అమ్మాయి కిటికీ దగ్గరికి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. మూడేళ్ళ ఒప్పందం మీద వచ్చి రెండేళ్ళు గడిపింది. పుస్తకాల్లో నేర్చుకున్న జపాను భాష, ప్రతి మాటా కడిగి ఆరబెట్టినట్టు మాట్లాడుతుంది. చేతిలో ఏ ఫారమూ లేదు.

"పిన్నిగారూ, మిమ్మల్ని ఒక విషయం అడగవచ్చా? ఒక పెద్దావిడకు నా మీద కోపం వచ్చిందేమో అని అనుమానంగా ఉంది. క్షమాపణ ఎలా చెప్పాలో తెలియడం లేదు."

"ఎవరే ఆవిడ?"

"మా హాస్టల్ ఎదురింటి మాసె అవ్వగారు."

ఎర్లిండా పెన్ను కింద పెట్టింది.

ఇనోకొ మాసె ఒంటరిగా ఉండేది. ఎనభై ఆరేళ్ళు. లువా వచ్చిన మొదటి శీతాకాలం, గుమ్మం ముందు మంచు తప్పుడు పారతో తోస్తుంటే చూడలేక బయటికొచ్చి, పార మార్చి, తోసి చూపించింది. అప్పటినుంచి ముల్లంగి ఇచ్చేది. టమాటాల్లా ఉండే వగరు కాకీ పండ్లు చెక్కుతీసి, ఎండి తియ్యనయ్యేలా తాడుకు గుచ్చి చూరుకు ఎలా వేలాడదీయాలో నేర్పింది. ఫారంలో వంకర పోయిన పుట్టగొడుగులు ఇంటికి పట్టుకెళ్ళనిస్తారు. ఆదివారం ఆదివారం లువా ఒక సంచీ ఆవిడకిచ్చేది.

"అక్టోబరులో తలుపు మూసేశారు. కొడుకుగారింటికి వెళ్ళారనుకున్నాను. తిరిగి రాగానే చూస్తారని సంచీ వాకిట్లో పెట్టి వచ్చాను. మరుసటి వారం కూడా పెట్టాను. తీసుకోలేదు. తరవాత ఒకరోజు చూస్తే అన్నీ చెత్తసంచీలో కట్టి పడేసి ఉన్నాయి. అంటే వద్దని చెప్పినట్టే కదా? నేనేం తప్పు చేశానో నాకు తెలియడం లేదు."

ఎర్లిండా కిటికీ తలుపు తీసుకుని ఇవతలికి వచ్చింది. ఆ పిల్లను బల్లమీద కూర్చోబెట్టి పక్కన కూర్చుంది.

"కోపం లేదే తల్లీ. ఆయమ్మ పోయింది. అక్టోబరు తొమ్మిదిన. షింజో ఆసుపత్రిలో."

లువా ఏడవలేదు. "తొమ్మిది అంటే ఏ వారం?" అని అడిగింది.

"బుధవారం."

"నేను పదమూడున వెళ్ళి తలుపు కొట్టాను. చాలాసేపు కొట్టాను. పేరు పెట్టి పిలిచాను." ఆగి, "అందరికీ తెలుసా?" అంది.

"తెలుసు. పత్రికలో వచ్చింది గదా."

లువా భుజం సంచీ తెరిచి, నాలుగు మడతలు పెట్టిన తేలిక భాష కాగితం తీసింది. విప్పి, రెండు వైపులా తిప్పి చూపించింది. టీకా, చెత్త, కొత్త బస్సు వేళలు. "నేను ప్రతి నెలా ఇది మొత్తం చదువుతాను, పిన్నిగారూ. ఇందులో లేదు" అంది. తప్పుపడుతున్నట్టు కూడా లేదు ఆ గొంతు. వంగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ కాగితం అచ్చుకు పోయేముందు వరసగా అన్ని నెలలూ తానే చూసింది ఎర్లిండా. ఒక్కసారి కూడా ఇది తట్టలేదు. మాసె పోయిందని ఇంట్లో భూతద్దం కింద చదివి, "అయ్యో" అని, ఆవిడ వాకిట్లో పూలు పెట్టి దణ్ణం పెట్టుకుని వచ్చింది కూడా. ఎదురింటి హాస్టల్ కిటికీలు ఆ రోజు ఆమె కంటపడ్డాయి, తలుపు కొట్టాలని తోచలేదు.

ఆ సాయంత్రమే యహాగితో చెప్పింది, వచ్చే నెలనుంచి పోయినవాళ్ళ పేర్లు ఇందులో కూడా వెయ్యాలని.

యహాగి ఇబ్బందిగా కదిలింది. "అది కుదరదేమో, ఎర్లిండా గారూ. పేర్లు వ్యక్తిగత సమాచారం. కుటుంబాలు పెద్ద పత్రిక వరకే ఒప్పుకుని సంతకం పెడతాయి. పైగా మన కాగితం నిత్యజీవితానికి అవసరమైన సంగతులకోసమని మా పై ఆఫీసరు..."

"ఎదురింట్లో ఎవరు పోయారో తెలీకుండా ఊళ్ళో నిత్యజీవితం ఎట్టా సేస్తారు తల్లీ? ఎలుగ్గొడ్డు ఎక్కడికొచ్చిందో సెబుతున్నాం. మనిషెక్కడికి పోయాడో సెప్పమా?"

యహాగి లోపలికి వెళ్ళి చాలాసేపటికి తిరిగొచ్చింది. పై ఆఫీసరు కాదనలేదు. ప్రతి కుటుంబం దగ్గరా వేరుగా ఒప్పుదల తెస్తే వేసుకోవచ్చన్నాడు. తెచ్చేందుకు మాత్రం ఆఫీసులో మనుషులు లేరు.

"నేను తెస్తా" అంది ఎర్లిండా.

అక్టోబరులో పోయింది నలుగురు. మర్నాడే చిన్న కారు తీసింది. బస్టాండు పక్క మంగలి భార్య వినీవినకముందే ఒప్పుకుంది. "ఇండోనేషియా కుర్రాళ్ళు మా ఆయన దగ్గరే కత్తిరించుకునేవాళ్ళు. మూసిన కొట్టు ముందు ఇద్దరు నిలబడి ఉంటే నేనే లోపల్నుంచి చూశాను. ఏం చెప్పాలో తెలీక దాక్కున్నాను" అంది. బడిదారిలో పసుపు జెండా పట్టుకుని పిల్లల్ని దాటించే తాత ఇంట్లో కూడా సరే అన్నారు. మాసె కొడుకు సెందాయ్‌లో ఉంటాడు, ఫోనులో దొరికాడు. "మా అమ్మకు వియత్నాం అమ్మాయితో స్నేహమా? నాకెప్పుడూ చెప్పలేదే" అని, వెయ్యమన్నాడు. ఇరవై ఆరున గుళ్ళో నలభై తొమ్మిదో రోజు కర్మ చేస్తున్నామనీ, ఆ అమ్మాయి రాగలిగితే రమ్మనీ చెప్పాడు.

ఇరవై మూడున వెళ్ళిన నాలుగో ఇల్లు కకిజాకిది. తొకుజి వయసువాడు, మంచు తోయడానికి ఇద్దరూ ఒకరింటికొకరు సాయం పోతుంటారు. వాళ్ళ నాన్న తొంభై ఏడేళ్ళకు పోయాడు. టీ ఇచ్చాడు, కాగితం చదివాడు, వెనక్కి తోశాడు.

"వద్దు చెల్లెమ్మా."

"ఎందుకన్నా?"

"నాన్న ఉండే వెనకిల్లు ఇప్పుడు ఖాళీ. అది అందరికీ చాటడమెందుకు? ఎవరెలాంటి వాళ్ళో మనకేం తెలుసు."

"పెద్ద పత్రికలో ఏసారు గదా."

"అది మనవాళ్ళు చదివేది." అని, ఆమె మొహం చూసి, చెయ్యి ఊపాడు. "నిన్ననట్లేదు. నువ్వు మన మనిషివి. నీకు అట్లా అనిపిస్తే ఎట్లా?"

ఎర్లిండా టీ పూర్తిగా తాగి, కప్పు పళ్ళెంలో పెట్టి, వస్తానని చెప్పి లేచింది. కారులో కూర్చున్నాక తాళం తిప్పడానికి కాస్త సమయం పట్టింది. మన మనిషివి అనే మాట కోసం ఆమె ఎన్నేళ్ళు ఎదురు చూసింది! ఇప్పుడది దొరికితే, ఎవరినో బయట నిలబెట్టి తనను లోపలికి పిలిచినట్టుంది.

ఇంటికొచ్చేసరికి హరునో వసారాలో ఎండలో కూర్చుని, ఆరిన ముల్లంగుల ఆకు తుంచుతోంది. ఎర్లిండా పక్కన పీట లాక్కుని, పీపాలో ఉప్పూ తవుడూ పరుస్తూ జరిగిందంతా చెప్పింది.

"వాడి మొహం. వాడికి ఏడేళ్ళప్పుడు మా పుచ్చకాయలు దొంగిలించాడు. ఇప్పుడు దొంగలంట" అంది హరునో. ఆకులు తుంచడం ఆపింది.

"ఎరీ. మీ నాయన పోయినపుడు నీకు ఎన్నాళ్ళకి తెలిసింది?"

ఎర్లిండా తలెత్తింది. తండ్రి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తక ఎన్నేళ్ళయిందో. "పన్నెండు రోజులకి. తమ్ముడి జాబు వచ్చినపుడు."

"అంతకు ముందే ఫోను వచ్చింది. పోయిన మర్నాడే. నువ్వు పొలంలో ఉన్నావు, నేనెత్తాను."

వసారా కింద కోడి ఒకటి నేల గీరుతోంది. ఎర్లిండా చేతులు తవుడులోనే ఉండిపోయాయి.

"నీకు ఆళ్ళ మాట రాదు గదత్తా."

"ఏడిసే గొంతు తెలీదా? నీ పేరు, పాపా, నీ పేరు, పాపా అంటన్నాడు. పాపా అంటే నువ్వు మీ నాయన్ని పిలిసే మాటే గదా, నాకర్థమైంది. ఆ ఏడు సలి ఏసవి, గుర్తుందా, గింజ పట్టలేదు. ఉన్న నాలుగు కంకులూ మంచు పడేలోపు కొయ్యాల. కోతలయ్యాక సెబుదామనుకున్నా. ఆనక జాబు వచ్చేసింది, ఇంక సెప్పే పనిలేకపోయింది." హరునో తుంచిన ఆకులను ఒక కుప్పగా చేసింది. "అది కూడా అబద్ధమేలే. కోతలకోసం కాదు. ఆ ఏడాదే నీలాగే బయటిదేశం నుంచి వచ్చిన పైవాడ కోడలు పుట్టింటికని ఎళ్ళి తిరిగి రాలా. నిన్ను పంపితే వస్తావో రావోనని."

ఎర్లిండా లేచింది. చేతులు దులుపుకుని, ముల్లంగులు ఒక్కొక్కటే తీసి పీపాలో వరసగా పేర్చింది, తలా తోకా మార్చి మార్చి, సందు లేకుండా, ఆవిడే నేర్పినట్టు. మీద ఉప్పు చల్లింది. రాయి ఎత్తి పెట్టింది. ఆ రాయి ఏటా తొకుజి ఎత్తుతాడు.

తరవాత రెండు రోజులు అత్తకు వేళకు అన్నం పెట్టింది, మందులిచ్చింది, స్నానం చేయించింది. మాట్లాడలేదు. హరునో కూడా టీవీ గొంతు పెంచలేదు. మధ్యలో తొకుజి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వాన పడేలా ఉందన్నాడు. ఎర్లిండాకు కోపం ఎటువైపు పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఏడు ఫోను సంగతి చెప్పి ఉంటే వెళ్ళేదే. వెళితే తిరిగి వచ్చేదా? మొదటి నాలుగేళ్ళ చలి, ఎవరికీ అర్థంకాని మాట, రోజూ అలవాటులేని చారు వాసన గుర్తు తెచ్చుకుంటే, అత్త భయం ఉత్త భయమేనని గట్టిగా చెప్పలేకపోయింది. అలా చెప్పలేకపోవడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఇరవై ఆరు పొద్దున, లువాను గుడికి తీసుకెళ్ళడానికి బయటికొస్తే, హరునో అప్పటికే కారు ముందు సీట్లో కూర్చుని ఉంది. నల్ల కోటు, చేతిలో జపమాల.

"మాసె నాతో బడిలో సదివింది. నాకంటే అయిదు తరగతులు కింద. నేనూ వస్తా."

ఎర్లిండా ఆవిడ బెల్టు పెట్టింది.

లువా ముందే అడిగి సెలవు తీసుకుంది. నల్లదుస్తులు లేవు, హాస్టల్లో స్నేహితురాళ్ళ దగ్గర ఒక్కొక్కటీ అరువు తెచ్చుకుని వేసుకుంది. గుళ్ళో మొత్తం కలిపి తొమ్మిది మంది. ధూపం వెయ్యడానికి వంతు వచ్చినప్పుడు హరునో ఆమె చెవిలో గట్టిగా, "సిటికెడు తీసి నుదుటికి ఆనించి ఎయ్యి. సూడు, నేనేసినట్టు" అంది. లువా మెల్లగా, "నాకు తెలుసు, అవ్వగారూ. మా ఊళ్ళో కూడా నలభై తొమ్మిదో రోజు చేస్తాము" అంది. హరునో ఆశ్చర్యపోయి, "అట్టనా! అయితే నువ్వే ముందు నడువు, నా కాళ్ళు ఎటూ కదలవు" అని చోటిచ్చింది.

గుడి వెనక శ్మశానంలో బూడిద కలశం సమాధిరాతి కింద పెట్టాక, మాసె కొడుకు లువా దగ్గరికి వచ్చి నడుం వంచి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు.

"ఆ పుట్టగొడుగులు పారేసింది నేనే. ఎవరో చెత్త వేసి పోతున్నారనుకున్నాను. క్షమించాలి."

"అవి వంకర పుట్టగొడుగులే. పర్వాలేదు" అంది లువా.

"అమ్మ మీతో ఏం మాట్లాడేది?"

లువా ఆలోచించింది. "టీవీలో వాతావరణం చెప్పే ఆయనను తిట్టేవారు. ప్రతి రోజూ. మీరు అబద్ధాలకోరు, నిన్న ఎండ అన్నారు, అని వేలు చూపించి తిట్టేవారు. ఆగస్టులో ఒకసారి కళ్ళు తిరిగాయి, కొడుకుకు చెప్పవద్దన్నారు. కాకీ పండ్లు ఎక్కువ తీపివి మీకు, తక్కువ తీపివి నాకు వేరు చేసేవారు." ఆగి, భయంగా, "నేను చెప్పకూడనిది చెప్పానా?" అని అడిగింది.

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఏడాదికి మూడుసార్లు వచ్చి పోయేవాడు. ఇంకేమైనా ఉంటే చెప్పమన్నాడు. ఇద్దరూ ఆ రాతి మెట్ల మీద కూర్చున్నారు. చలికి ముక్కులు ఎర్రబడేదాకా ఆ అమ్మాయి చెబుతూనే ఉంది, అతను వింటూనే ఉన్నాడు. ఎర్లిండా కారులో హీటరు వేసి, అత్త పక్కన కూర్చుని ఎదురు చూసింది.

"సల్లగా ఉందా అత్తా?" అంది చాలాసేపటికి. మూడు రోజుల తరవాత మొదటి మాట.

"కాళ్ళకి" అంది హరునో. ఎర్లిండా తన శాలువా తీసి ఆ మోకాళ్ళ మీద కప్పింది.

డిసెంబరు కాగితంలో మూడు పేర్లు వచ్చాయి. ఉత్త పేరు రాస్తే ఎవరికీ తెలియదని ఎర్లిండా పట్టుబట్టింది. బయటినుంచి వచ్చినవాళ్ళకు ఇక్కడి మనుషులు మొహాలతో తెలుసుగానీ పేర్లతో కాదు. అందుకని ఒక్కొక్కరికీ రెండు వాక్యాలు. "పొద్దున పసుపు జెండా పట్టుకుని రోడ్డు దాటించే తాత ఈయనే. పిల్లలు లేకపోయినా కార్లు ఆపి మిమ్మల్ని కూడా దాటించి ఉంటాడు." "బస్టాండు మంగలి. తల వంచమని నెత్తిన తట్టేవాడు." మాసె గురించి లువా చెప్పగా రాసింది. యహాగి ఒక్క అక్షరమూ మార్చలేదు.

కాగితం బయటికొచ్చిన వారానికి ఆఫీసు కిటికీ దగ్గర ఊరివాళ్ళు, ముసలివాళ్ళు, "ఆ తేలిక కాగితం ఒకటి మాకూ ఇస్తారా?" అని అడగడం మొదలైంది. పెద్ద పత్రికలో వయసూ వాడ పేరూ తప్ప ఏమీ ఉండదు మరి. యహాగి రెండుసార్లు మళ్ళీ అచ్చు వేయించింది. కకిజాకి మాత్రం రాలేదు, అడగలేదు. మంచు మొదలయ్యాక ఎప్పటిలాగే తొకుజికి సాయం వచ్చి, వాకిలి తోసి, ఎర్లిండా ఇచ్చిన టీ తాగి వెళ్ళాడు. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఏడాది చివరి ఆదివారం మధ్యాహ్నం ఎర్లిండా పనాయ్‌లో ఉన్న తమ్ముడికి ఫోను చేసింది. పిల్లలు, తుపాను, కొబ్బరి అన్నీ అయ్యాక, "నాన్న పోయినప్పుడు ఎవరెవరు వచ్చారు?" అని అడిగింది. ముప్పై ఏళ్ళ కిందటి మాట ఇప్పుడెందుకని తమ్ముడు నవ్వబోయి, ఆగాడు. తరవాత ఒక్కొక్కరి పేరే చెప్పాడు. పడవల బాసీలియో వచ్చాడు. దీవి అవతల్నుంచి మేనత్తలు ముగ్గురూ. నాన్నతో పదేళ్ళు మాట్లాడని పొరుగాయన వచ్చి, శవపేటిక మోశాడు. వాన. దారిలో బండి దిగబడింది. ఎర్లిండా మధ్యలో ఆపి, పేర్లు సరిగా చెప్పించుకుని, క్యాలెండరు వెనక రాసుకుంది.

ఫోను పెట్టేసి వచ్చి అడుగున హీటరుండే కొటాట్సు బల్ల దుప్పటి కింద కాళ్ళు చాపి, అత్తకు ఆ పేర్లన్నీ చదివి వినిపించింది. నోరు తిరగని పేర్లు. హరునో ఒక్కొక్క పేరుకూ తలూపుతూ, కళ్ళు మూసుకుని వింది. బండి దిగబడిన చోట "అయ్యో" అంది. అంతా అయ్యాక కళ్ళు తెరిచింది.

"అంత వానలో వచ్చినోళ్ళకి ఏం వండి పెట్టారంట?"

అది ఎర్లిండా అడగలేదు. మళ్ళీ ఫోను తీసింది.